స్టెంట్‌కు లక్షలు దొరుకుతాయి.. నెల గోలీలకే లెక్కలు!

మన ఇళ్లలో ఎవరికైనా గుండెపోటు వచ్చిందంటే డబ్బు ఎలాగో ఒకలా పుడుతుంది. అన్న ఒక చోట, బావమరిది ఇంకో చోట అప్పు తెస్తారు. అమ్మీ గాజులు కుదువకు వెళ్తాయి. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు జీతం అడ్వాన్సు తీసుకుని పంపిస్తాడు. ఆరోగ్యశ్రీ కార్డు ఎక్కడ పెట్టామా అని బీరువా అంతా వెతుకుతారు. రెండు మూడు రోజుల్లో స్టెంట్ పడుతుంది, మనిషి ఇంటికి వస్తాడు. చుట్టాలు వచ్చి చూసి, దువా చేసి, పండ్లు పెట్టి వెళ్తారు. గండం గడిచిందనుకుంటాం.

డిశ్చార్జి కాగితంలో నాలుగైదు గోలీల పేర్లు ఉంటాయి. మొదటి నెల పద్ధతిగా నడుస్తాయి. మూడో నెలకి 'ఇప్పుడు బాగానే ఉన్నా కదా' అని ఒకటి తగ్గుతుంది. ఆరో నెలకి పిల్లల ఫీజులు, ఇంటి కిరాయి మధ్యలో ఇంకోటి పోతుంది. ఏడాది తిరిగేసరికి నొప్పి వచ్చినప్పుడే మందుల డబ్బా గుర్తొస్తుంది. లక్షన్నర అప్పు చేసి వేయించిన స్టెంట్‌ను కాపాడాల్సిన గోలీ దగ్గర మనం చేతులెత్తేస్తున్నాం.

గత 20 ఏళ్లుగా గుండె, రక్తనాళాల జబ్బుల మీద జరిగిన పెద్ద పరిశోధనలు చాలావరకు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతున్నాయి. వాటిలో కొన్ని మన దేశంలోనే, మనలాంటి మనుషుల మీదే జరిగాయి. ఒక పరిశోధనకు గోలీ తయారైంది మన హైదరాబాద్ కంపెనీలోనే. అయినా ఆ సంగతి మన మొహల్లాల దాకా రాలేదు. ప్రభుత్వాల బడ్జెట్లూ, మన జేబులూ ఆపరేషన్ జరిగే ఆ ఒక్క రోజు చుట్టూనే ఉన్నాయి.

స్టెంట్ ఏం చేస్తుంది, ఏం చేయదు

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. గుండెపోటు వచ్చిన ఆ గంటల్లో స్టెంట్ ప్రాణం కాపాడుతుంది. రక్తం గడ్డకట్టి నాళం పూర్తిగా మూసుకుపోయినప్పుడు ఎంత త్వరగా తెరిస్తే గుండె కండ అంత మిగులుతుంది. స్టెంట్ వేసే ఆస్పత్రి దగ్గర్లో లేకపోతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. ఛాతీ మీద బండరాయి పెట్టినట్టు బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట కనిపిస్తున్నా 'గ్యాస్ అయి ఉంటుంది' అని సోడా తాగించి పడుకోబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి కూడా సరిగా తెలియకపోవచ్చు, వట్టి ఆయాసమే ఉండొచ్చు. అప్పుడు 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించాల్సిందే. ఇక్కడ చెప్పబోయే ఏ పరిశోధనా దీన్ని కాదనడం లేదు.

లెక్క తేడా వచ్చేది ఇంకో రకం పేషెంట్ల దగ్గర. మెట్లు ఎక్కితే నొప్పి, కూర్చుంటే తగ్గిపోతుంది. నెలల తరబడి అలాగే నడుస్తోంది. పరీక్ష చేస్తే నాళంలో అడ్డంకి కనిపించింది. ఇలాంటివాళ్లకు వెంటనే స్టెంటో బైపాసో చేస్తే ఎక్కువ కాలం బతుకుతారా, లేక మంచి మందులతో మొదలుపెట్టి అవసరమైతేనే ఆ దారిలో వెళ్లొచ్చా? ఈ ప్రశ్నకు జవాబు కోసం ఇస్కీమియా అనే పెద్ద ట్రయల్ జరిగింది. 37 దేశాల్లో 5,179 మంది, వాళ్లలో మన దేశం వాళ్లూ ఉన్నారు. 2019 నవంబరులో ఫలితాలు బయటపెట్టారు. మూడేళ్లకు పైగా గమనిస్తే, ముందే ఆపరేషన్ దారిలో పంపిన గుంపులో 145 మంది చనిపోయారు, మందులతో మొదలుపెట్టిన గుంపులో 144 మంది. అంటే ప్రాణం లెక్కలో తేడా లేదు. తరచుగా నొప్పి వచ్చేవాళ్లకు స్టెంట్‌తో నొప్పి బాగా తగ్గింది, అది చిన్న విషయం కాదు. ఎడమవైపు ప్రధాన నాళంలో పెద్ద అడ్డంకి ఉన్నవాళ్లనూ, గుండె బాగా బలహీనపడినవాళ్లనూ ఆ ట్రయల్‌లో చేర్చుకోలేదు. కాబట్టి 'స్టెంట్ అంతా మోసం' అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లకు ఈ ట్రయల్ సాక్ష్యం కాదు.

కారణం అర్థం చేసుకుంటే చాలా సంగతులు తేలికవుతాయి. రక్తనాళాల గోడల్లో కొవ్వు ఒక్క చోటే చేరదు. పాత ఇంటి నల్లా పైపుల్లాగా పొడుగునా పేరుకుంటుంది. స్టెంట్ ఒక చోట దారి తెరుస్తుంది. మిగతా పైపు సంగతి చూసేది కొలెస్ట్రాల్ గోలీ, బీపీ గోలీ, రక్తం గడ్డకట్టకుండా ఆపే గోలీ. రేపు గుండెపోటు తెచ్చే గడ్డ స్టెంట్ వేసిన చోటే ఏర్పడాలని లేదు. యాంజియోగ్రామ్‌లో 30, 40 శాతం అడ్డంకిగా కనిపించి వదిలేసిన చోట కూడా కొవ్వు పొర చిట్లి గడ్డకట్టొచ్చు.

స్టెంట్ ధర మీద మన దేశంలో పెద్ద గొడవే జరిగింది. మందు పూసిన స్టెంట్ ఒక్కోటి లక్ష దాటి అమ్మేవాళ్లు. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ దాన్ని 29,600 రూపాయలకు, మామూలు లోహపు స్టెంట్‌ను 7,260కి కట్టడి చేసింది. పన్ను అదనం. ఎన్నో కుటుంబాలకు అది మేలు చేసింది. టీవీల్లో చర్చలు నడిచాయి, నాయకులు సభల్లో చెప్పుకున్నారు. నెలనెలా గోలీలు మానేస్తున్నవాళ్ల మీద మాత్రం అలాంటి చర్చ ఒక్కటీ నాకు గుర్తు లేదు.

రోజుకు 10 రూపాయల లెక్క

నేను చదివింది కామర్స్, డాక్టరీ కాదు. అందుకే లెక్క దగ్గరే ఆగుతాను. గుండెపోటు వచ్చిన మనిషికి సాధారణంగా రాసే గోలీలు ఆస్పిరిన్, అటార్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందు, రామిప్రిల్ లాంటి బీపీ మందు. గుండె పరిస్థితిని బట్టి ఇంకొకటి రెండు. అన్నీ పాత మందులే. పేటెంట్లు ఎప్పుడో అయిపోయాయి. జనరిక్ షాపులో, జన్ ఔషధి కేంద్రంలో చవగ్గా దొరుకుతాయి. రోజుకు 10 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 3,650. పదేళ్లకు 36,500. అదే గుండెపోటు మళ్లీ వస్తే ప్రైవేటు ఆస్పత్రిలో మొదటి రాత్రి కట్టించుకునే అడ్వాన్సే ఇంతకంటే ఎక్కువ ఉండొచ్చు. బ్రాండెడ్ గోలీలే వాడినా, నెలకు వెయ్యి అయినా, ఈ లెక్క తారుమారు కాదు.

మరి ఇంత సులువైన లెక్కను మనం ఎందుకు పాటించడం లేదు? మనం అంటే మన ఒక్కరమే కాదు. ప్యూర్ అనే పరిశోధన 17 దేశాల్లో లక్షా 50 వేల మందికి పైగా జనాన్ని చూసింది. 2011లో ఫలితాలు వచ్చాయి. అప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లలో ఎంతమంది మందులు వాడుతున్నారని లెక్క తీశారు. ధనిక దేశాల్లో ఏ మందూ వాడనివాళ్లు 11 శాతం. పేద దేశాల గుంపులో (అందులో మన దేశం కూడా ఉంది) ఏ మందూ వాడనివాళ్లు 80 శాతం. కొలెస్ట్రాల్ గోలీ వాడుతున్నది 100 మందిలో ముగ్గురు. ఆ తర్వాత పరిస్థితి కొంత మారి ఉంటుంది. కానీ మందుల షాపు కౌంటర్ దగ్గర పది నిమిషాలు నిలబడండి, చీటీ చూపించి 'ఇందులో ఒక స్ట్రిప్పే ఇవ్వు భాయ్, మిగతావి వచ్చే వారం' అనే మాట వినిపిస్తుంది.

ఈ ప్యూర్ పరిశోధన వెనక ఉన్న ముఖ్యుడు డాక్టర్ సలీం యూసుఫ్. కేరళలో పుట్టి, బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో చదివి, కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో స్థిరపడిన మనిషి. గుండె జబ్బుల పరిశోధనలో ప్రపంచంలో ముందు వరుసలో వినిపించే పేరు. మన పిల్లలకు క్రికెటర్ల పేర్లు తెలిసినంతగా ఇలాంటివాళ్ల పేర్లు తెలియవు, అది వేరే సంగతి. ఆయనే నడిపించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడింది. పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట, మనసు మీద ఒత్తిడి, పండ్లు కూరగాయలు తినకపోవడం, ఒళ్లు కదల్చకపోవడం, మద్యం సంగతి.. ఈ తొమ్మిదితోనే మొదటి గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతం చెప్పేయొచ్చని అందులో తేలింది. దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందనీ, మిగతా ప్రపంచంలో అది 59కి దగ్గరగా ఉందనీ అదే సమాచారం చెప్పింది. ఆరేళ్లు ముందు. కూతురి నికా చేయాల్సిన వయసు, కొడుకు చదువు సగంలో ఉన్న వయసు. ఇంట్లో సంపాదించేది ఆ ఒక్కడే అయితే ఇక ఆ ఇంటి లెక్క ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

నాలుగు మందులు, ఒకే గోలీ

నాలుగు డబ్బాల్లో నాలుగు గోలీలు ఉంటే మనిషి ఏదో ఒకటి మరిచిపోతాడు, ఏదో ఒకటి కొనడు. అన్నీ కలిపి ఒకే గోలీ చేస్తే? 2003లో ఇద్దరు బ్రిటన్ పరిశోధకులు వాల్డ్, లా ఈ మాట రాసినప్పుడు చాలామంది డాక్టర్లు నవ్వారు. ఒక్కో మనిషికి ఒక్కో డోసు కావాలి, అందరికీ ఒకే గోలీ ఏమిటన్నారు. అది తీసిపారేసే అభ్యంతరం కాదు. జవాబు మాటలతో కాదు, ట్రయల్స్‌తో రావాల్సి వచ్చింది.

మొదటి అడుగుల్లో ఒకటి మన దేశంలోనే పడింది. 2009లో వచ్చిన టిప్స్ ట్రయల్ 50 భారతీయ కేంద్రాల్లో సుమారు 2 వేల మంది మీద జరిగింది. ఒకే గోలీలో మందులు కలిపినా అవి బీపీనీ, కొలెస్ట్రాల్‌నూ తగ్గిస్తున్నాయనీ, కలపడం వల్ల కొత్త ఇబ్బంది రావడం లేదనీ చూపించింది. తర్వాత అంపైర్ అనే ట్రయల్ భారత్‌లో వెయ్యి మంది, యూరప్‌లో వెయ్యి మందితో నడిచింది. ఆ గోలీ తయారు చేసింది హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ ల్యాబ్. 2013లో ఫలితం వచ్చింది. విడివిడిగా మందులు రాసిన గుంపులో చివరిదాకా సరిగా వాడినవాళ్లు 65 శాతం, ఒకే గోలీ ఇచ్చిన గుంపులో 86 శాతం. ప్రాణాలు ఎన్ని దక్కాయో చెప్పేంత పెద్ద ట్రయల్ కాదది. కానీ మనుషులు మందు ఎందుకు మానేస్తారో అందులో తేటగా తెలిసింది.

ప్రాణాల లెక్క ఇరాన్ నుంచి వచ్చింది. గోలెస్తాన్ ప్రాంతంలో 236 పల్లెలు తీసుకుని, కొన్ని పల్లెల్లో ఆహారం, వ్యాయామం గురించి చెప్పి వదిలారు, కొన్నిటిలో దానితో పాటు పాలీపిల్ ఇచ్చారు. మొత్తం 6,838 మంది, ఐదేళ్లు. సలహా మాత్రమే అందిన పల్లెల్లో వెయ్యికి 88 మందికి గుండె, రక్తనాళాల పెద్ద ప్రమాదం వచ్చింది. గోలీ ఇచ్చిన పల్లెల్లో వెయ్యికి 59. నాకు నచ్చిన విషయం ఇంకోటుంది. అందులోని ఒక బీపీ మందు వల్ల కొందరికి పొడి దగ్గు వస్తుందని వాళ్లకు ముందే తెలుసు. అందుకే దగ్గు వచ్చినవాళ్ల కోసం వేరే మందు పెట్టిన రెండో రకం గోలీ తయారుగా ఉంచారు. అమెరికా ఆంక్షల మధ్య ఉన్న దేశం, పల్లెటూరి ఆరోగ్య కార్యకర్తలతో ఇంత పని చేసింది.

తర్వాత టిప్స్-3. సలీం యూసుఫ్, బెంగళూరు సెయింట్ జాన్స్‌కు చెందిన డాక్టర్ ప్రేమ్ పాయిస్ కలిసి నడిపించారు. 5,713 మందిలో దాదాపు సగం భారతీయులు. అప్పటిదాకా గుండెపోటు రానివాళ్లు, కానీ ముప్పు ఉన్నవాళ్లు. పాలీపిల్, ఆస్పిరిన్ రెండూ వాడిన గుంపులో నాలుగున్నరేళ్లలో వెయ్యికి 41 మందికి ప్రమాదం వస్తే, ఉత్తుత్తి గోలీ వాడిన గుంపులో 58 మందికి వచ్చింది. ఇక 2022లో యూరప్ నుంచి సెక్యూర్ ట్రయల్ వచ్చింది. గుండెపోటు వచ్చిన పెద్దవయసువాళ్లలో విడివిడి మందులతో 12.7 శాతం, ఒకే గోలీతో 9.5 శాతం. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో ఈ కలిపిన గోలీలను చేర్చింది.

అయితే ఆస్పిరిన్ గురించి ఒక హెచ్చరిక. గుండె జబ్బు లేని వృద్ధుల మీద జరిగిన ఆస్ప్రీ ట్రయల్, 19 వేల మందికి పైగా పాల్గొన్నది, 2018లో ఏం తేల్చిందంటే ఆస్పిరిన్‌తో లాభం కనిపించలేదు, రక్తస్రావం పెరిగింది. కాబట్టి పక్కింటి చాచా వాడుతున్నాడని మనమూ మొదలుపెట్టే మందు కాదది.

సరే, 20 ఏళ్ల పరిశోధన, ప్రపంచ ఆరోగ్య సంస్థ ముద్ర, తయారు చేయగల కంపెనీలు మన దగ్గరే. అయినా పాలీపిల్ అనే పేరే చాలామంది వినలేదు. ఎందుకు? కామర్స్ వాడి కళ్లతో చూస్తే జవాబు కష్టం కాదు. పాత మందులు, తక్కువ ధర, తక్కువ లాభం. కొత్త మందుకైతే కంపెనీ మనిషి బ్యాగు పట్టుకుని డాక్టర్ గది బయట కూర్చుంటాడు. రూపాయి గోలీ కోసం ఎవరు కూర్చుంటారు? మార్కెట్ చేయని పని ప్రభుత్వం చేయాలి. పెద్ద ఎత్తున టెండరు పిలిచి కొనగలిగేది అదొక్కటే.

బీపీ సంగతి, బస్తీ దవాఖానా

ప్రభుత్వం చేస్తే అవుతుందని చూపించిన పని కూడా ఒకటుంది. 2017 చివర్లో ఐసీఎంఆర్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, కేంద్రం, రాష్ట్రాలు కలిసి భారత హైపర్‌టెన్షన్ కంట్రోల్ కార్యక్రమం మొదలుపెట్టాయి. మొదటి విడతలో తీసుకున్న ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఏ గోలీతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే ఏది కలపాలి అని ఒకే కాగితం మీద రాసిపెట్టారు. ఒకేసారి 30 రోజుల గోలీలు ఇచ్చారు. నర్సులతో బీపీ చూపించారు, రానివాళ్ల జాబితా రాసుకుని కబురు పెట్టారు. ఇంతే. 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు ఇచ్చింది.

ఆ '30 రోజులు' అన్నది చిన్న విషయం అనిపిస్తుంది. కానీ గాజుల కార్ఖానాలో పనిచేసే మనిషికో, ఆటో నడిపే మనిషికో ప్రతి పది రోజులకు లైన్లో నిలబడటం అంటే నెలలో మూడు రోజుల కూలి పోయినట్టే. గోలీ ఉచితమే, కానీ దాని కోసం పోయే రోజు ఉచితం కాదు. 2018లో హైదరాబాద్‌లో మొదలైన బస్తీ దవాఖానాలు ఈ దూరాన్ని తగ్గించాయి. ఇంటికి దగ్గర్లోనే బీపీ, షుగర్ చూసి గోలీలు ఇస్తారు. మందు అయిపోయి 'రేపు రండి' అన్న రోజున మాత్రం మొత్తం పద్ధతి తెగిపోతుంది.

మన బీపీలకు ఏ జోడీ గోలీ మంచిదన్న ప్రశ్న మీద టాప్‌స్పిన్ అనే భారతీయ ట్రయల్ కూడా జరిగింది. సుమారు 2 వేల మంది, 2025లో ప్రచురణ. మూడు రకాల జోడీలను పోల్చారు, మూడూ సమానంగా పనిచేశాయి. ఆరు నెలల్లో దాదాపు 70 శాతం మందికి బీపీ అదుపులోకి వచ్చింది. అంటే ఖరీదైనదేదో దొరకలేదని దిగులు పడాల్సిన పని లేదు. దొరికిన మంచి జోడీని రోజూ వేసుకోవడమే అసలు తేడా.

'ఆ గోలీతో ఒళ్లు నొప్పులు'

గోలీ మానడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. కొలెస్ట్రాల్ గోలీ వేస్తే కండరాల నొప్పులు వస్తాయని, కిడ్నీలు పోతాయని యూట్యూబ్ నిండా ఉంది. దీని మీద లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఒక చక్కటి ప్రయోగం జరిగింది. నొప్పుల వల్ల ఆ గోలీ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాదిలో కొన్ని నెలలు నిజమైన గోలీ, కొన్ని నెలలు అలాగే ఉండే ఉత్తుత్తి గోలీ, కొన్ని నెలలు ఏమీ లేదు. ఏ నెలలో ఏ గోలీయో వాళ్లకు చెప్పలేదు. రోజూ ఇబ్బంది ఎంతో ఫోన్‌లో రాయమన్నారు. నిజమైన గోలీతో వచ్చిన ఇబ్బందిలో 90 శాతం ఉత్తుత్తి గోలీతోనూ వచ్చింది! నొప్పి అబద్ధం కాదు, వాళ్లకు నిజంగానే నొప్పి పుట్టింది. కానీ దాన్ని తెచ్చింది మందు కంటే భయమే ఎక్కువ. తమ లెక్క తాము చూసుకున్నాక సగం మంది మళ్లీ గోలీ మొదలుపెట్టారు.

నిజమైన సైడ్ ఎఫెక్టులు లేవని కాదు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి కాళ్లు వాస్తాయి. రామిప్రిల్‌తో పొడి దగ్గు. చాలా అరుదుగా కొలెస్ట్రాల్ గోలీతో కండరాలకు నిజంగానే దెబ్బ తగులుతుంది. వీటన్నిటికీ మార్పు ఉంది. డాక్టర్‌కు చెబితే వేరే గోలీ రాస్తాడు. మనవాళ్లు చేసేది వేరు. చెప్పకుండా మానేస్తారు, మళ్లీ వెళ్లినప్పుడు డాక్టర్ కోప్పడతాడని 'వాడుతున్నా సాబ్' అంటారు. డాక్టర్ పాపం మందు పనిచేయడం లేదనుకుని డోసు పెంచుతాడు.

ఇళ్లలో ఆడవాళ్ల సంగతి ఇంకా వేరు. అబ్బాకు గోలీ టైముకి అందించేది అమ్మీనే. తన బీపీ గోలీ అయిపోయి వారమైనా చెప్పదు. 'ఆయనదీ నాదీ బీపీయే కదా' అని ఆయన స్ట్రిప్పులోదే సగం తుంచుకుని వేసుకునేవాళ్లు కూడా ఉన్నారు.

రోజా ఉన్నప్పుడు

రమజాన్‌లో గోలీలు తప్పడం మన ఇళ్లలో ఏటా జరిగేదే. ఇక్కడ పరిశోధన మనకు అనుకూలంగానే మాట్లాడుతోంది. బీపీ గోలీ పొద్దున వేసుకుంటే మంచిదా, రాత్రి మంచిదా అని బ్రిటన్‌లో 21 వేల మంది మీద ఐదేళ్లకు పైగా టైమ్ అనే ట్రయల్ చేశారు. 2022లో ఫలితం వచ్చింది. ఎప్పుడు వేసుకున్నా గుండెకు దొరికే రక్షణలో తేడా లేదు. అంటే రోజుకు ఒకసారి వేసుకునే గోలీని పొద్దున నుంచి ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవడానికి చాలామందికి ఇబ్బంది ఉండదు. మూత్రం ఎక్కువ చేసే గోలీని సహర్‌లో వేసుకుంటే పగలంతా ఒళ్లు ఎండిపోతుంది కాబట్టి సాధారణంగా ఇఫ్తార్ వైపు జరుపుతారు. రోజుకు రెండు మూడు సార్లు వేసుకునే మందుల్ని ఎలా సర్దాలో మాత్రం డాక్టరే చెప్పాలి. షాబాన్ నెలలోనే ఒకసారి వెళ్లి అడగడం మేలు, చాంద్ కనిపించిన రాత్రి కాదు.

రోజా వల్ల బీపీకి ఏమవుతుందని లండన్ మస్జిదుల్లో 85 మందిని చూసిన అధ్యయనం ఒకటి 2021లో వచ్చింది. రమజాన్ చివర్లో పై బీపీ సగటున 7 పాయింట్లు తగ్గింది. చిన్న అధ్యయనమే. మన ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద మిర్చీలు, సమోసాలు, ఉప్పు దండిగా పడిన హలీం ఉంటే అంత తగ్గుతుందని నేను హామీ ఇవ్వలేను.

అన్నిటికంటే ప్రమాదం ఒకటుంది. కొత్తగా స్టెంట్ వేసినవాళ్లకు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి ఇంకో మందు కొన్ని నెలల పాటు, చాలామందికి ఏడాది దాకా, తప్పనిసరిగా రాస్తారు. కొత్త లోహం మీద రక్తం గడ్డకట్టకుండా చూసేవి అవే. ఆ రెండూ తొలి నెలల్లో మానేస్తే స్టెంట్ ఒక్కసారిగా మూసుకుపోవచ్చు. అలా మూసుకుపోతే బతికే అవకాశాలు బాగా పడిపోతాయి. పళ్లు పీకించుకోవాలని, రోజా ఉండాలని, ఎవరో హకీం చెప్పాడని గుండె డాక్టర్‌ను అడగకుండా ఈ రెండింటినీ ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది. ఇటీవల గుండెపోటు వచ్చినవాళ్లకు డాక్టర్లు రోజా వద్దంటారు, జబ్బుపడిన మనిషికి దీన్‌లోనే రుఖ్సత్ ఉంది. గల్ఫ్ నుంచి రెండు నెలల సెలవుకు వచ్చేవాళ్లు, ఉమ్రాకు బయల్దేరేవాళ్లు కూడా మొత్తం రోజులకు సరిపడా గోలీలు, డాక్టర్ చీటీ చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి. సూట్‌కేసు దారి తప్పితే గోలీలు కూడా దానితోనే పోతాయి.

క్యాంపులు చాలు, ఫైళ్లు కావాలి

మన సంఘాలు చేసే పనిలో కూడా ఇదే లోపం కనిపిస్తుంది. మిలాద్ రోజున, జలూస్ రోజున, లీడర్ పుట్టినరోజున ఫ్రీ హెల్త్ క్యాంపు. టెంటు, బ్యానరు, ఫొటోలు. 300 మందికి బీపీ చూస్తారు, ఓ వంద మందికి ఎక్కువుందని తేలుతుంది, పది రోజుల గోలీలు ఇచ్చి పంపిస్తారు. పదకొండో రోజు? ఆ వంద మంది పేర్లు ఎవరి దగ్గరా ఉండవు.

హైదరాబాద్ ఎన్.ఎస్.కుంటలోని మస్జిదె ఇస్‌హాఖ్‌లో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ నడిపే క్లినిక్ లాంటివి ఇంకో దారి చూపించాయి. మస్జిదు ఎప్పుడూ అక్కడే ఉంటుంది, మనుషులు రోజూ వస్తారు. నెలనెలా వచ్చే పేషెంట్‌కు అంతకంటే దగ్గర చోటు ఏముంటుంది? పైన వేసిన లెక్కే తీసుకోండి. ఒక మనిషికి ఏడాది గోలీలు 3,650 రూపాయలు. ఒక క్యాంపు స్టేజీకి, మైకుకు, షాల్వాలకు 50 వేలు ఖర్చయితే అది 13 మంది నిరుపేదల ఏడాది మందు. జకాత్ సొమ్ము ఎవరికి చెల్లుతుందో ఉలమాలు చెబుతారు. కానీ జకాత్ తీసుకోదగ్గ పేద గుండె పేషెంట్లు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు, వాళ్ల జాబితా రాయడానికి ఒక రిజిస్టరు చాలు.

ఇక ప్రభుత్వం సంగతి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం గుండె ఆపరేషన్ల దగ్గర ఎన్ని పేద ఇళ్లను నిలబెట్టిందో మనందరికీ తెలుసు. ఇందులో చాలామంది వాడుకోని భాగం ఒకటుంది. కొన్ని చికిత్సల తర్వాత ఏడాది పాటు ఫాలోఅప్ ప్యాకేజీ ఉంటుంది. డాక్టర్‌కు చూపించుకోవడం, పరీక్షలు, మందులు అందులోనే వస్తాయి. డిశ్చార్జి అయ్యే రోజున ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర 'మా పేషెంట్‌కు ఫాలోఅప్ వస్తుందా, మందులకు ఏ తేదీన రావాలి' అని అడిగి రాయించుకోండి. ఎవరూ పిలిచి చెప్పకపోవచ్చు.

ఆ ఏడాది అయిపోయాక, 13వ నెల గోలీలు ఎవరిస్తారు? ఆపరేషన్‌కు 10 లక్షల దాకా సిద్ధమన్న ప్రభుత్వం, ఆ ఆపరేషన్‌ను నిలబెట్టే గోలీలకు నెలకు 300 రూపాయల లెక్క ఇంకా తేల్చలేదు. మున్సిపల్ ఎన్నికలకో, అసెంబ్లీ ఎన్నికలకో ఇంటికి వచ్చే అభ్యర్థులను రోడ్డు, నల్లా నీళ్లతో పాటు ఇదీ అడగొచ్చు. బస్తీ దవాఖానాలో బీపీ, షుగర్ గోలీలతో పాటు గుండెపోటు తర్వాత వాడే మొత్తం మందులు 30 రోజులకు ఒకేసారి ఇస్తారా, లేదా?